ప్లాట్‌ఫామ్ ఎక్కేముందు మా పిల్లలకు అరగంట ఇవ్వండి

ఉమ్మడి వరంగల్ జిల్లా క్రీడాధికారులకు,
పవర్‌లిఫ్టింగ్, వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు పెట్టే సంఘాల పెద్దలకు,
హనుమకొండ, వరంగల్, కాజీపేట జిమ్ యజమానులకు, సాటి కోచ్‌లకు

నమస్కారం.

బరువులెత్తే పోటీల్లో ప్లాట్‌ఫామ్, అంటే బరువెత్తే వేదిక, ఎక్కేముందు పిల్లలకు వార్మప్‌కు (ఒళ్లు వేడెక్కించుకోవడానికి) సమయం ఇవ్వాలని నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటిది చేతికిచ్చి రసీదు తీసుకున్నాను. రెండోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, అందినట్టు కార్డు కూడా తిరిగొచ్చింది. మూడోది వాట్సాప్‌లో పెట్టాను, చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. నాలుగు నెలలైనా ఎవరూ జవాబు రాయలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. ఎవరినీ బజారుకీడ్చాలని నాకు లేదు. ఈ ఉత్తరానికి కారణమైన పోటీ పేరు, నిర్వాహకుల పేర్లు, అక్కడ దెబ్బ తగిలిన అమ్మాయి పేరు ఇందులో రాయడం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

నేను హనుమకొండలో 18 ఏళ్లుగా పిల్లలకు బరువులెత్తడం నేర్పుతున్నాను. మాది ఒక షెడ్డు, రెండు రాడ్లు, రాడ్డు ఆనించే ఒక ర్యాక్. వచ్చేవాళ్లలో ఎక్కువమంది హమాలీల పిల్లలు, ఆటోవాళ్ల పిల్లలు, రైల్వే క్వార్టర్స్ పిల్లలు.

జనవరిలో ఒక ఆదివారం. జిల్లా స్థాయి పవర్‌లిఫ్టింగ్ ఎంపిక పోటీలు ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. 7 గంటలకు బరువు చూస్తామని, 9 గంటలకు స్క్వాట్ (రాడ్డు భుజాల మీద పెట్టుకుని కిందికి కూర్చుని లేవడం) మొదలుపెడతామని చెప్పారు. మా దగ్గర నేర్చుకునే అమ్మాయి 57 కిలోల విభాగంలో పేరిచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్లో హమాలీ. చలికి శాలువా కప్పుకుని, తెల్లవారుజామున 6 గంటలకే వచ్చి గేటు దగ్గర నిలబడింది.

మా పిల్లలందరి దగ్గరా ఒక నోట్‌బుక్ ఉంటుంది. ఆ రోజు పేజీలో, వార్మప్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఎత్తాల్సిన కిలోలుగా ఆమె రాసుకున్న అంకెలు ఇవి: 20, 40, 55, 70, 80, 87.5. 20 అంటే ఖాళీ రాడ్డు బరువు. ఆ వరుస కింద గీత కొట్టి, పెద్దక్షరాలతో 95 అని రాసుకుంది. పోటీలో మొదటి ప్రయత్నానికి ఇచ్చిన బరువు అది. ప్రాక్టీసులో 105 రెండుసార్లు లేపింది కాబట్టి, ఒళ్లు సిద్ధంగా ఉంటే 95 ఆమెకు భయపడే బరువు కాదు.

8.20 నుంచి 8.50 లోపు ఆ అంకెలన్నీ పూర్తి చేసింది. ఒక్కో సెట్టు అయ్యాక దాని పక్కన టిక్కు పెట్టుకుంది. చెమట పట్టింది, శాలువా తీసేసింది. సరిగ్గా ఆ సమయానికి ప్లాట్‌ఫామ్ ఎక్కించి ఉంటే నేను ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

9 అయింది. ముఖ్య అతిథి రాలేదు. అరగంటలో వస్తారన్నారు. 10 అయింది, దారిలో ఉన్నారన్నారు. 11.20కి వచ్చారు. జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు అయ్యేసరికి 12.05. ఈ మూడు గంటలూ పిల్లలను వరుసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఖాళీ కుర్చీలు కనిపిస్తే అతిథికి బాగుండదని లేవనివ్వలేదు. మా అమ్మాయి మళ్లీ శాలువా కప్పుకుని, చున్నీ మోకాళ్లకు చుట్టుకుని కూర్చుంది. తర్వాత మైకులో, "మొదటి గ్రూపు పది నిమిషాల్లో రెడీగా ఉండాలి" అన్నారు.

వార్మప్ కోసం ఇచ్చిన చోటు భోజనాల హాలు వెనక, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన. కింద నున్నటి టైల్స్, అక్కడక్కడా నీళ్లు. ఒకటే స్టాండు, ఒకటే రాడ్డు. ఆ సమయంలో దాని చుట్టూ 26 మంది ఉన్నారు. పెద్ద విభాగాల కుర్రాళ్లు అప్పటికే 140 ఎక్కించుకుని ఉన్నారు. వాళ్లనూ తప్పుపట్టను, వాళ్లకూ అదే పది నిమిషాలు. ఆ ప్లేట్లు దించడం, చిన్నవి ఎక్కించడం, మళ్లీ దించడం, ఇందులోనే సమయం పోయింది. ఆమె నోట్‌బుక్‌లో పాత టిక్కుల పక్కనే రెండో వరుస మొదలుపెట్టింది. 20 పక్కన ఒక టిక్కు పడింది, 40 పక్కన ఒకటి పడింది. 55 పక్కన పెట్టేలోపే పేరు పిలిచారు.

నేను నిర్వాహకుల బల్ల దగ్గరికి పరుగెత్తి, మొదటి బరువు 70కి తగ్గించమని అడిగాను. "టైం దాటిపోయింది సార్, లిస్టు ప్రింటయింది" అన్నారు. అప్పుడు ఆ పిల్లను నేను ఆపాల్సింది, ఆపలేదు. అది నా తప్పు. వాళ్లింటికి వెళ్లి ఆమె తల్లిదండ్రుల ముందు ఒప్పుకున్నాను. ఇక్కడ కూడా ఒప్పుకుంటున్నాను.

95 కిలోలతో కిందికి బాగానే దిగింది. లేచేటప్పుడు సగంలో ముఖం మారిపోయింది. రాడ్డు మీద పడకుండా కాయడానికి పక్కనున్న స్పాటర్లు ఇద్దరూ దాన్ని పట్టుకున్నారు, వాళ్లకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. "సార్, నడుములో కలుక్కుమంది, కాలు మొద్దుబారింది" అంది. ఉదయం గేటు దగ్గర కనిపించిన అంబులెన్స్ ప్రారంభోత్సవం అయ్యాక వెళ్లిపోయింది. ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లాం. ఎమ్మారై తీస్తే ఎల్4, ఎల్5 పూసల మధ్య డిస్కు బయటికి ఉబ్బిందని తేలింది.

ఆసుపత్రి వరండాలో వాళ్ల నాన్న నాతో అన్న మాట ఇది: "సార్, మేం పొద్దుగాల లారీ కాడికి పోంగనే మొదటి బస్తా ఒక్కనికి ఎత్తం. ఇద్దరం పట్టి నాలుగు బస్తాలు కదిలిచ్చినంకనే ఒక్కొక్కరం వీపు మీదికి తీసుకుంటం. గింత పెద్ద పోటీలు పెట్టేటోళ్లకు ఈ ముచ్చట తెల్వదా?"

మొదటి ఉత్తరం ఆ రాత్రే రాశాను.

ఆమె నడుముకు దెబ్బ తగలడానికి వార్మప్ లేకపోవడం ఒక్కటే కారణమని డాక్టరు రాసివ్వలేదు. నేనూ అలా అనను. బాగా వేడెక్కిన వాళ్లకు కూడా ఒక్కోసారి దెబ్బ తగులుతుంది. కానీ మూడు గంటలు చలిలో కూర్చోబెట్టి, 40 తర్వాత ఒకేసారి 95 భుజాల మీద పెట్టడం ఏ కోచూ ఏ పిల్లతోనూ చేయించని పని. ఆ రోజు అది నిర్వహణ వల్ల జరిగింది.

నా ఉత్తరాలకు జవాబు రాకపోయినా, మనిషి చేత ఒక మాట చెప్పి పంపారు. "వార్మప్ ప్లేయర్ చూసుకోవాలి, మాకేం సంబంధం?" అని. దానికి జవాబుగా అసలు వార్మప్ ఏంటో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఎందుకంటే చాలామంది అది చేతులూ కాళ్లూ నాలుగుసార్లు ఊపడం అనుకుంటున్నారు. చివరికి కోచ్‌లలో కూడా కొందరు.

పెద్ద బరువుకు ముందు చేసే వార్మప్‌లో రెండు భాగాలుంటాయి. మొదటిది 5 నుంచి 10 నిమిషాల కదలిక: వేగంగా నడవడం, చేతులు భుజాలు తిప్పడం, ఖాళీగా బస్కీలు తీయడం. దీంతో ఒంట్లో వేడి పుడుతుంది, కండకు రక్తం బాగా చేరుతుంది. వేడెక్కిన కండ త్వరగా బిగుసుకుంటుంది, త్వరగా వదులవుతుంది. కీళ్ల మధ్య ఉండే జిగురు పలచబడి కీలు సులువుగా ఆడుతుంది. రెండోది ఎత్తబోయే కదలికనే ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టి, బరువు పెంచుకుంటూ పోవడం. అసలు పని ఇక్కడే జరుగుతుంది. ఈ రోజు ఎంత బరువు రాబోతోందో నడుముకు, మోకాలికి, మెదడుకు మెట్టుమెట్టుగా తెలుస్తుంది. ఏదైనా మెట్టు దగ్గర నొప్పి అనిపిస్తే ఆగిపోయే అవకాశం ఉంటుంది. 55 దగ్గర నడుము పట్టినట్టు అనిపించి ఉంటే మా అమ్మాయి 95 కిలోల రాడ్డు కిందికి వెళ్లేది కాదు. ఆ మెట్టు ఆమెకు దక్కలేదు.

మెట్లు పెరిగే కొద్దీ బరువు పెరగాలి, ఎన్నిసార్లు ఎత్తాలన్నది తగ్గాలి. 80 కిలోల బెంచ్ (బల్ల మీద పడుకుని రాడ్డును పైకి నెట్టడం) కొట్టాలనుకునే కుర్రాడికి నేను చెప్పే లెక్క ఇది: ఖాళీ రాడ్డుతో 10 చొప్పున రెండు సెట్లు, 40తో 5, 55తో 3, 65తో 2, 72.5తో ఒక్కటి. తర్వాత మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి 80. మొత్తం 20 నిమిషాల పని. వార్మప్ పేరుతో ప్రతి మెట్టు దగ్గరా 15 చొప్పున కొడితే అసలు బరువు దగ్గరికి వచ్చేసరికి ఓపిక ఉండదు. అలాగే బరువెత్తే ముందు ఒక్కో కాలు పట్టుకుని రెండేసి నిమిషాలు లాగి ఉంచే అలవాటు మన దగ్గర చాలా ఉంది. అంతసేపు లాగి ఉంచితే కండ బలం కాసేపు తగ్గుతుంది. ఆ స్ట్రెచింగ్ ఏదో అంతా అయ్యాక చేసుకోవచ్చు. ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలు నడిచి నేరుగా బెంచ్ మీద పడుకునేవాళ్లనూ చూస్తుంటాను. కాళ్లు వేడెక్కాయి, భుజాలు మాత్రం ఇంకా చల్లగానే ఉన్నాయి.

ఇక ముఖ్యమైన సంగతి. ఈ వేడి నిలవదు. చల్లటి హాల్లో కదలకుండా పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలావరకు దిగిపోతుంది. అంటే 8.50కి అయిన వార్మప్ 12.05కి లేనట్టే. మళ్లీ మొదటి నుంచి చేయాలి. అందుకు సమయం కావాలి, రాడ్డు కావాలి, తన పేరు ఎప్పుడొస్తుందో తెలియాలి. ఈ మూడూ ప్లేయర్ చేతిలో లేవు, మీ చేతిలో ఉన్నాయి. "ప్లేయర్ చూసుకోవాలి" అన్న మాటకు నా అభ్యంతరం ఇదే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన విషయం కూడా కాదు. తాలింఖానాలు, అంటే పాతకాలపు వ్యాయామశాలలు, నడిచిన రోజుల్లో వస్తాదు ముందు దండీలు, బస్కీలు తీయించేవాడు. చిన్న గుండు పట్టించాకే పెద్ద గుండు దగ్గరికి పోనిచ్చేవాడు. మన తెలుగమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. టీవీలో మనం చూసేది ఆ ప్లాట్‌ఫామ్ మీది కొన్ని సెకన్లే. అంతర్జాతీయ పోటీల్లో ఆ ప్లాట్‌ఫామ్ దగ్గర్లోనే వార్మప్ గది ఉంటుంది. అందులో రాడ్లు, ప్లేట్లు, ఎవరి వంతు ఎప్పుడో చూపించే స్క్రీన్ ఉంటాయి. వాటిని ఏర్పాటు చేయడం నిర్వాహకుల బాధ్యత. తన ప్లేయర్ వంతు రావడానికి ఇంకా ఎన్ని ప్రయత్నాలు ఉన్నాయో కోచ్ లెక్కపెట్టుకుంటూ, దానికి సరిపోయేలా లోపల ఒక్కో మెట్టు ఎక్కిస్తుంటాడు. బరువు చూడటం పోటీకి రెండు గంటల ముందు మొదలవుతుంది. స్నాచ్ అయ్యాక క్లీన్ అండ్ జెర్క్‌కు ముందు 10 నిమిషాల విరామం ఇస్తారు. పేరు పిలిచాక మామూలుగా ఒక్క నిమిషమే గడువు. గడియారం అంత కచ్చితంగా నడుస్తుంది కాబట్టే శరీరాన్ని దానికి తగ్గట్టు సిద్ధం చేసుకోగలుగుతారు. మన దగ్గర ఆ ఒక్క నిమిషం గడువు మాత్రం పిల్లల మీద కచ్చితంగా అమలవుతుంది. మిగతా గడియారం అతిథి కోసం ఆగుతుంది.

దీని వల్ల మామూలు కుటుంబాలకు ఏమవుతోందో నేను కళ్లారా చూస్తున్నది చెబుతాను.

1. డబ్బు. ఈ అమ్మాయికి ఎమ్మారై, మందులు, ఫిజియోథెరపీ కలిపి ఇప్పటికి 31 వేలు దాటింది. మిర్చి సీజన్ మొదలయ్యే రోజుల్లో వాళ్ల నాన్న ఆసుపత్రి చుట్టూ తిరగడానికి 9 రోజులు పనికి పోలేదు. హమాలీకి పనికి పోని రోజు కూలి ఉండదు. పోటీకి పెట్టిన ఎంట్రీ ఫీజులో ఇన్సూరెన్స్ ఏదైనా ఉందా అని అడిగాను. లేదన్నారు.

2. చదువు, ఉద్యోగం. ఆరు వారాలు వంగొద్దు, బరువు మోయొద్దు అన్నారు. బస్సులో నిలబడి కాలేజీకి పోలేక ఇంటర్నల్స్ పోయాయి. రాష్ట్ర పోటీలకు వెళ్లే ఏడాది పోయింది. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకుని బరువులెత్తే పిల్లలకు ఒక ఏడాది సర్టిఫికెట్ పోవడం చిన్న విషయం కాదు.

3. ఆ ఇంట్లో చిన్నమ్మాయి కూడా నా దగ్గరికి వచ్చేది. మానేసింది. అదే వాడలో మరో ముగ్గురు ఆడపిల్లలను ఇంట్లోవాళ్లు మాన్పించారు. "నడుము పోతే రేపు పెండ్లెట్ల?" అని వాళ్లలో ఒకమ్మాయి నాయనమ్మ అడిగింది. ఆ ప్రశ్న తప్పని నేను చెప్పగలను, కానీ ఆ భయం పుట్టించింది ఆమె కాదు. ఒక ఆడపిల్లను గ్రౌండుకు పంపమని ఒప్పించడానికి నాకు ఒక్కోసారి ఏడాది పట్టింది. గడప గడపకు తిరిగి, తల్లులతో కూర్చుని టీ తాగి, సాయంత్రం నేనే దింపి వస్తానని మాటిచ్చి తెచ్చుకున్న పిల్లలు వాళ్లు. ఒక్క ఆదివారంతో నలుగురు ఆటకు దూరమయ్యారు.

4. జిమ్ముల్లో ఇంకో రకం. పొద్దున 5.30 బ్యాచ్‌లో పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లు, హాస్టల్ పిల్లలు మంచం దిగి నేరుగా వస్తారు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. పొద్దున మనం సాయంత్రం కంటే సెంటీమీటరు పైన ఎత్తు ఉండేది అందుకే. లేచిన మొదటి గంటలో నడుము గట్టిగా వంచితే ఆ డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. ఆ సమయంలోనే ఒక్క ర్యాక్ దగ్గర ఆరుగురు క్యూ కట్టి "జల్దీ కొట్టన్నా" అంటుంటే, చిన్న బరువులు పెట్టుకోవడానికి మొహమాటపడి మొదటి సెట్టే వంద కిలోల డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డును నిలబడి పైకి లాగడం) లాగుతున్నారు. పక్కన ఒకడు ఫోన్లో వీడియో తీస్తుంటాడు. నడుము పట్టేస్తే ఇంట్లో చెప్పరు, మెడికల్ షాపులో నొప్పి గోలీలు కొనుక్కుని మర్నాడు మళ్లీ వస్తారు. అలా ఆరు నెలలు దాచిపెట్టి, కూర్చుంటే లేవలేని స్థితిలో నా దగ్గరికి వచ్చినవాళ్లు ఈ రెండేళ్లలో 7 మంది. జిమ్‌లో కుప్పకూలారన్న వార్తలు చూసి తల్లిదండ్రులు ఇప్పటికే టెన్షన్‌లో ఉన్నారు. వాటన్నిటికీ వార్మప్పే కారణమని నేను చెప్పను, గుండె సంగతి డాక్టర్లు చెప్పాలి. కానీ ఊపిరి బిగబట్టి పెద్ద బరువెత్తినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. దానికి ముందు గుండెకు పది నిమిషాల గడువిస్తే పోయేదేమీ లేదు.

మార్కెట్ యార్డుల్లో, ఐకేపీ కేంద్రాల్లో బస్తాలు మోసే అన్నల గురించి కూడా రాయాలని ఉంది. వయసొచ్చిన ఒక మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. అది ఈ ఉత్తరంలో పట్టే విషయం కాదు, విడిగా రాస్తాను.

ఇప్పుడు నేను కోరేవి. ఇందులో కోట్లు కావాల్సింది ఒక్కటీ లేదు.

1. సభ వేరు, పోటీ వేరు చేయండి. అతిథులను పిలవండి, గౌరవించండి, నాకేమీ అభ్యంతరం లేదు. వాళ్ల కార్యక్రమం బరువులు చూసే సమయంలోనో, మధ్యాహ్న విరామంలోనో, బహుమతులిచ్చేటప్పుడో పెట్టండి. 9 అని ప్రకటిస్తే 9కి మొదటి రాడ్డు లేవాలి. ఏ కారణం వల్లనైనా పావుగంట మించి ఆలస్యమైతే, మొదలుపెట్టే సమయాన్ని కొత్తగా ప్రకటించి, అప్పటి నుంచి 30 నిమిషాలు వార్మప్‌కు ఇవ్వాలి. ఆ 30 నిమిషాల్లో ఏ పిల్లనూ కుర్చీలో కూర్చోబెట్టొద్దు. ఈ ఉత్తరంలో మీరు ఒక్కటే ఒప్పుకుంటానంటే, ఈ మొదటిది ఒప్పుకోండి.

2. వార్మప్ చోటు ప్లాట్‌ఫామ్‌కు దగ్గరగా, పొడిగా, రబ్బరు మ్యాట్లతో ఉండాలి. ఒక గ్రూపులో 12 మంది ఉంటే కనీసం 3 రాడ్లు ఉండాలి. 1.25, 2.5 కిలోల చిన్న ప్లేట్లు కూడా కావాలి. చిన్న విభాగాల పిల్లలకు మెట్లు కుదరాలంటే అవే ముఖ్యం. వెయిట్‌లిఫ్టింగ్ అయితే ఆడపిల్లలకు 15 కిలోల రాడ్డు విడిగా ఉండాలి, మగపిల్లల 20 కిలోల రాడ్డుతో సర్దుకోమనొద్దు.

3. ఎవరి తర్వాత ఎవరో వార్మప్ చోట కనిపించాలి. స్క్రీన్ అక్కర్లేదు. ఒక వైట్‌బోర్డు, ఒక మార్కర్, రాయడానికి ఒక వాలంటీరు చాలు.

4. వార్మప్‌కు సమయం దొరకలేదని కోచ్ చెబితే, మొదటి ప్రయత్నం బరువు తగ్గించుకునే అవకాశం ఇవ్వాలి. ఆలస్యం నిర్వాహకుల వల్ల జరిగినప్పుడు గడువు దాటిందని చెప్పడం న్యాయం కాదు.

5. చివరి పిల్ల చివరి ప్రయత్నం అయ్యేవరకు అంబులెన్స్, ఒక ఫిజియోథెరపిస్టు అక్కడే ఉండాలి. ఎంట్రీ ఫీజులోనే ఆ రోజుకు ప్రమాద బీమా కలపండి. ఫీజు 100 రూపాయలు పెరిగినా మా తల్లిదండ్రులు కడతారు, నేను అడిగే రాస్తున్నాను.

6. జిమ్ యజమానులు, ట్రైనర్లకు: పొద్దున మొదటి గంట ఒక ర్యాక్ ఖాళీ రాడ్డుతో, చిన్న బరువులతో వార్మప్ చేసుకునేవాళ్లకే వదిలేయండి. మెట్ల లెక్క తెలుగులో రాసి గోడకు అంటించండి. నా దగ్గరున్న కాపీ ఎవరడిగినా ఇస్తాను. కొత్తగా చేరిన పిల్లవాడు ఖాళీ రాడ్డు పట్టకుండా ప్లేటు ఎక్కిస్తే, ఎంత ఫీజు కట్టినవాడైనా ట్రైనర్ వెళ్లి ఆపాలి. 20 కిలోల రాడ్డు పట్టుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదని వాళ్లకు మనమే చూపించాలి, మనమే ముందు పట్టుకుని. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలికాలంలో ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కు పడిపోతుంది కాబట్టి అక్కడి మిత్రులు ఇంకో ఐదు నిమిషాలు కలపండి. రామగుండం ఎండల్లో కూడా మానొద్దు. ఒంటికి పట్టిన చెమట చూసి కీలు సిద్ధమైందనుకోవద్దు.

7. క్రీడాధికారులకు: ఇకపై పోటీకి అనుమతి ఇచ్చేటప్పుడు పై మొదటి ఐదింటిని షరతులుగా రాయండి. జనవరి ఘటన మీద ఒక విచారణ పెట్టండి. శిక్షల కోసం అడగడం లేదు. ఏం జరిగిందో కాగితం మీద ఉంటే తర్వాత వచ్చే నిర్వాహకులకు తెలుస్తుంది. ఆ అమ్మాయి వైద్య ఖర్చు ఆ పోటీ నిధుల నుంచి ఇప్పించండి. ఈ ఉత్తరానికి 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి.

సాటి కోచ్‌లకు ఒక్క మాట. ఆ రోజు నేను చేయలేని పని మనం అందరం కలిసి చేయవచ్చు. వార్మప్‌కు సమయం ఇవ్వకపోతే మా పిల్లలు ప్లాట్‌ఫామ్ ఎక్కరని నలుగురు కోచ్‌లు ఒకే గొంతుతో చెబితే ఏ నిర్వాహకుడూ కాదనలేడు. ఒక్కడే చెబితే పిల్ల ఛాన్స్ పోతుందన్న భయం ఉంటుంది, నాకు అదే అయింది. వచ్చే సీజన్ కంటే ముందు ఒక ఆదివారం కూర్చుని మాట్లాడుకుందాం. మా షెడ్డులోనైనా సరే, మీరు చెప్పిన చోటైనా సరే.

ఆ అమ్మాయి ఇప్పుడు నడుస్తోంది, మెట్లు ఎక్కుతోంది. ఇంకా రాడ్డు ముట్టుకోలేదు. డాక్టరు చెప్పేవరకు నేనూ ముట్టుకోనివ్వను.

రాడ్లకు బడ్జెట్ లేదని జవాబు వస్తుందేమోనని ముందే చెబుతున్నాను. నా దగ్గర రెండు రాడ్లు, 180 కిలోల ప్లేట్లు, నాలుగు మ్యాట్లు ఉన్నాయి. వచ్చే పోటీకి ట్రాలీ ఆటోలో వేసుకుని నేనే తెస్తాను, అద్దె అక్కర్లేదు, ఆటో ఖర్చు కూడా నాదే. ఎన్ని గంటలకు, ఏ గేటు దగ్గర దించాలో చెప్పండి.

ఇట్లు,
ఒక కోచ్,
హనుమకొండ